ఎడమ పక్క చూడమన్న పెద్దనాయన

నా చిన్నప్పుడు గోరంట్ల నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం పోయే బస్సు ఒక్కటే ఉండేది. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి వచ్చేది. దాన్ని తోలేది మా పెద్దనాయన, అంటే మా నాయనకు అన్న. ఆ బస్సు గురించి, ఆయన గురించి మా ఇంట్లో పిల్లలకు చాలాసార్లు చెప్పాను గాని, ఒక్క రోజు సంగతి మాత్రం ఎప్పుడూ దాటేస్తూ వచ్చాను. ఇప్పుడు నా వయసు డెబ్బై దాటి చాలా ఏళ్ళయింది. ఆ సంగతి తెలిసినవాళ్ళు నేను తప్ప ఇంకెవరూ లేరు.

ఆనాటి బస్సులు ఇప్పటివాళ్ళు చూస్తే నవ్వుతారు. ఇంజను ముందుకు పొడుచుకొని ఉండేది. మా వైపు దాన్ని ముక్కు బండి అనేవాళ్ళు. వెనక ఉన్నదంతా చెక్కతో కట్టిందే. కిటికీలకు అద్దాలు లేవు. వాన వస్తే చుట్టి పెట్టిన పట్టలు కిందికి వదిలేవాళ్ళు, అప్పుడు లోపల చీకటి, బీడీల పొగ, తడిసిన కంబళ్ళ వాసన. పొద్దున్నే కండక్టరు ఆ బండి ముక్కు ముందర ఇనుప కమ్మి దూర్చి బలమంతా పెట్టి తిప్పితే, అది నాలుగుసార్లు దగ్గి అయిదోసారికి లేచేది. ఎండాకాలంలో ప్రతి ఎత్తు దగ్గరా ఇంజనుకు నీళ్ళు పోయాలి. వంకలో ఇసుక ఉంటే మగవాళ్ళంతా దిగి తోయాలి.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క అదే బండికి వెనకాల నిలువెత్తు పొయ్యి బిగించి బొగ్గుతో నడిపారట. అప్పుడు మా పెద్దనాయన క్లీనరు. కోడి కూయకముందే లేచి ఆ పొయ్యి రాజేయడం ఆయన పని. ఆ పొగ తగిలి తగిలి తన కళ్ళు చెడిపోయాయని ఆయన చివరిదాకా నమ్మాడు. హిందూపురంలో డాక్టరు మాత్రం పొగ కాదు, కంటి వెనక నరం ఎండిపోతోంది, దానికి మందు లేదు అన్నాడట. ఆ నరం సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా చాలా తర్వాత తెలిసింది.

మా ఊరు గోరంట్లకు, పెనుకొండకు నడుమ ఉండేది. ఊళ్ళో బడి అయిదో తరగతితో సరి. ఫస్టు ఫారం, అంటే ఆరో తరగతి, చదవాలంటే పెనుకొండ పోవాలి. ఆడపిల్లను అంత దూరం పంపేది లేదని మా నాయన కచ్చితంగా చెప్పేశాడు. పెద్దనాయన వారమంతా గోరంట్లలో బండి దగ్గరే పడుకునేవాడు, ఆదివారం ఒక్క పూట ఇంటికి వచ్చేవాడు. అట్లా వచ్చిన ఒక ఆదివారం, అన్నం తినకుండా పళ్ళెం ముందర కూర్చుని తమ్ముడితో వాదించాడు.

"నా బండిలో పోతాది, నా బండిలో వస్తాది. నా కండ్ల ముందరే ఉంటాది గదబ్బా బిడ్డ. నీకేం భయం?"

నాయన చివరికి సరే అన్నాడు. నువ్వు ఆ బండి తోలినన్నాళ్ళే అని కూడా అన్నాడు. ఆ రెండో మాట నేను గోడ చాటు నుంచి విన్నాను. మా ఊరి నుంచి పెనుకొండ బడికి పోయిన మొదటి ఆడపిల్లను నేనే.

బస్సులో నా చోటు పెద్దనాయనకు ఎడమ పక్కన, ఒక చెక్క పెట్టె మీద. మొదటి వారంలోనే ఆయన నాకొక ఆట నేర్పించాడు. రోడ్డుకు కుడి పక్క ఉన్నవన్నీ ఆయన చెప్పాలి, ఎడమ పక్క ఉన్నవన్నీ నేను చెప్పాలి. ఎవరు ఎక్కువ చెబితే వాళ్ళు గెలిచినట్టు. నేను గొంతు చించుకుని చెప్పేదాన్ని. శెనక్కాయల బండి వస్తోంది, కట్టెల మోపు అవ్వ పోతోంది, రెండు బర్రెలు, ఒక దూడ. ఆయన అవునవునంటూ బండి కొంచెం కుడికి తిప్పేవాడు, రబ్బరు బుర్ర హారన్ నొక్కేవాడు. ప్రతిరోజూ నేనే గెలిచేదాన్ని. పెనుకొండలో దిగేటప్పుడు నాకొక బెల్లం ముక్క ఇచ్చేవాడు.

ఆరు నెలలు అట్లా గడిచాక అది ఆట కాదని నాకు అర్థమైంది. ఒకరోజు పెనుకొండ బస్టాండులో హోటలతను టీ గ్లాసు తెచ్చి ఆయన ఎడమ చేతి పక్కన బల్ల మీద పెట్టాడు. ఆయన చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. తర్వాత టీ ఇంకా తేలేదేమప్పా అని కేక వేశాడు. హోటలతను నవ్వుతూ, నీ పక్కనే ఉండాది చూడన్నా అన్నాడు. పెద్దనాయన తల మొత్తం తిప్పి, వంగి, అప్పుడు చూశాడు గ్లాసును. ఆయనకు నేరుగా ముందర ఉన్నది కనిపించేది. పక్కలు రెండూ నల్లబడిపోయాయి. కుడి పక్కను తల తిప్పి ఎట్లాగో చూసుకునేవాడు. ఎడమ పక్కకు నేను.

నేను ఎవరికీ చెప్పలేదు. పెద్దనాయన మీద ప్రేమతో చెప్పలేదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది సగం నిజం. ఆయన బండి దిగిపోతే నా బడి పోతుంది. పదేళ్ళ పిల్లకు ఆ లెక్క బాగానే తెలుసు. ఆ తర్వాత మేమిద్దరం ఆట ఆడుతున్నట్టే నటించాం. బెల్లం ముక్క ఆయన ఇస్తూనే ఉన్నాడు, నేను తీసుకుంటూనే ఉన్నాను.

అది శెనక్కాయ పెరికేసిన కాలం. చేలన్నీ ఖాళీ అయ్యి, మిగిలిన ఆకూ అలమా తినడానికి గొర్రెల మందలు దిగేవి. నాకు ఆ రోజు భూగోళం పరీక్ష. ముందురోజు ఇంట్లో అమ్మకు జ్వరం, వంటా పనీ నా మీద పడి ఒక్క ముక్క చదవలేదు. బండి ఎక్కగానే పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టుకున్నాను. నదులు, అవి ఎక్కడ పుడతాయి, ఎక్కడ సముద్రంలో కలుస్తాయి. పెదాలు కదుపుతూ బట్టీ పడుతున్నాను. పెద్దనాయన రెండుసార్లు అడిగాడు, తల ఎత్తి చూసి చెప్పాను. పెనుకొండ ఇంకా మూడు మైళ్ళుందనగా మూడోసారి అడిగాడు.

"ఎడం పక్క ఏముండాది పాపా?"

నేను తల ఎత్తలేదు. "ఏం లేదు పెద్దనాయనా, పో" అన్నాను.

ఆయన పోనిచ్చాడు. ఎడమ పక్క తుమ్మచెట్ల చాటు నుంచి మంద రోడ్డెక్కుతూ ఉంది. మెత్తటి దేనినో గుద్దినట్టు ఒక చప్పుడు, తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. బండి పక్కకు ఊగి నిలబడింది. వెనక ఎవరో ఆడమనిషి గట్టిగా అరిచింది. నా పుస్తకం కింద పడింది.

అయిదు గొర్రెలు చచ్చాయి. అది కాదు అసలు సంగతి. ఒక గొర్రెపిల్లను లాగడానికి కాపరి అడ్డం దూరాడు. వెనక చక్రం ఆయన మోకాలి కింద ఎక్కింది. మా పెద్దనాయన వయసే ఉంటుంది ఆ మనిషికి, గడ్డం నెరిసింది. రోడ్డు మీద కూర్చుని, తన కాలు వైపు చూడకుండా, చెదిరిపోతున్న మందను అదిలిస్తూ ఉన్నాడు.

జనం దిగారు. పెద్దనాయన దిగి, ఆ మనిషి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, తన తలగుడ్డ విప్పి కాలికి గట్టిగా కట్టాడు. చుట్టూ తిట్లు మొదలయ్యాయి. పట్టపగలు ఇంత మంద కనపడలేదా, తాగి తోలుతున్నావా అని ఒకరు. ఒకాయన నా వైపు చేయి చూపించాడు.

"ఆ పిల్లను పక్కన కూచోబెట్టుకొని మాటలు చెప్పుకుంటా తోల్తాడప్పా. రోజూ చూస్తానే ఉండా. ఏం పాపా, నువ్వన్నా చూడ్లేదా?"

అందరి కళ్ళూ నా మీద పడ్డాయి. నేను బండి మెట్టు మీద నిలబడి ఉన్నాను. పెద్దనాయన లేచి నిలబడ్డాడు. అప్పుడాయన చెప్పిన మాటలు నాకు ఒక్కటీ మరుపుకు రావు.

"పాపనేమీ అనొద్దండి. పాప చెప్పింది. గొర్రెలొస్తాండాయి, ఆపు పెద్దనాయనా అని అరిచింది. నేనే ఇన్లేదు. నాకు పక్కలు కనపడవప్పా. ఏడాదయింది. డాక్టరు తోలొద్దన్న్యాడు. అయినా తోల్తాండా. మీ అందరి పానాలు ఈ పసిబిడ్డ కండ్ల మీద పెట్టి తోలినా. తప్పు నాది."

కొందరు తమ మూటలు దించుకుని పెనుకొండ వైపు నడక సాగించారు. నేను నోరు తెరవలేదు. చెప్పడానికి ఆ క్షణం చాలినంత పొడుగ్గానే ఉంది. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

కాపరిని ఆసుపత్రికి చేర్చాలి. వేరే బండి ఎప్పటికి వస్తుందో తెలియదు, వస్తుందో రాదో కూడా తెలియదు. నా పెట్టె మీద కండక్టరు కూర్చున్నాడు. పెద్దనాయన నడక కన్నా కొంచెం వేగంగా బండి పోనిస్తుంటే, కండక్టరు ప్రతి గజానికీ ఎడమ పక్క చెబుతూ వచ్చాడు. ఇప్పుడది దాచుకోవలసిన సంగతి కాదు గనక ఇద్దరూ గట్టిగానే మాట్లాడుకున్నారు. నన్ను వెనకకు పంపారు. కాపరిని కింద కంబళి మీద పడుకోబెట్టారు, ఆయన తల దగ్గర నేను కూర్చున్నాను. కంబళి అంచు నల్లగా తడిసి, ఆ తడి చెక్కల సందుల్లోకి పోతూ ఉంది.

"ఏమప్పా, పక్కలు కనపడకుండా ఎట్ల తోల్తివప్పా ఇన్నాళ్ళు?" అని కాపరి పడుకున్న చోటు నుంచే పెద్దనాయనను అడిగాడు. ఆ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. నేను ఏడుస్తున్నాను. కాపరి నా వైపు చూసి, చేయి ఎత్తబోయి, ఎత్తలేక, మెల్లగా అన్నాడు: "ఏడవొద్దు పాపా. నువ్వు చెప్తివంట గదా. నీ తప్పేముండాది?"

నా జీవితంలో చాలామంది చాలా మాటలన్నారు. అంత గట్టిగా తగిలిన మాట ఇంకొకటి లేదు.

పెనుకొండ ఆసుపత్రిలో కాపరిని చూసి వెంటనే హిందూపురం తీసుకుపొమ్మన్నారు. ఒక లారీ డ్రైవరు ముందుకొచ్చి మా బస్సు తోలుకుని పోయాడు. పెద్దనాయన ఆయన పక్కన కూర్చోలేదు, వెనక కింద కాపరి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. నేను బడికి పోయాను. పరీక్ష రాశాను. అన్ని నదుల పేర్లూ తప్పు లేకుండా రాశాను. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది గాని, అది జరిగింది.

హిందూపురంలో కాపరి కాలు మోకాలి దాకా తీసేశారు. పెద్దనాయన మీద కేసయింది. ఆయన తన లైసెన్సు తానే తీసుకుపోయి అధికారుల చేతికి ఇచ్చాడు, బండి తాళం యజమాని ఇంటి గడప మీద పెట్టి వచ్చాడు. ఇరవై ఏళ్ళు ఆ బండి వాసనతోనే బతికిన మనిషి, మా ఇంటి ముందర అరుగు మీద తెల్ల పంచెతో ఊరికే కూర్చుని ఉంటే చూడలేకపోయేవాళ్ళం. కొత్త డ్రైవరు వచ్చాడు. నాయన నన్ను బడి మాన్పించాడు. నా పరీక్షకు ఎన్ని మార్కులు వచ్చాయో నాకు తెలియదు.

పది పన్నెండు రోజులు నేను అన్నం సరిగా తినలేదు. ఒక మధ్యాహ్నం పోయి అరుగు మీద ఆయన పక్కన కూర్చుని, ఆ రోజు నేను తల ఎత్తలేదని, చూడకుండానే ఏం లేదన్నానని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. నా గొంతును బట్టి అప్పుడే తెలిసిందన్నాడు. పుస్తకంలోకి మాట్లాడే గొంతు వేరుగా ఉంటుందట.

"నువ్వు చూడకపోయింది తప్పు కాదు పాపా. నువ్వు చదువుకునే బిడ్డవు, పుస్తకం చూసుకుంటావు. రోడ్డు చూడాల్సినోణ్ణి నేను. నా బరువు నీ నెత్తిన పెట్టింది నా తప్పు. అయితే ఒక మాట ఇను. చూడకుండా చూసినట్ల చెప్పొద్దు. తెలీదను. తెలీదంటే బండి ఆపుతా గదా నేను. ఆపితే ఏం పోయింది?"

నేను ఏడుస్తూ, మరి అందరి ముందర నేను చెప్పానని ఎందుకన్నావు అని అడిగాను. జనం కోపంలో ఉన్నారని, ఆ కోపాన్ని తాను మోయగలడని, నేను మోయలేనని అన్నాడు. తర్వాత, "అది జనానికి చెప్పిన అబద్ధం. కాలు పోయిన ఆయప్పకు మాత్రం అబద్ధం మిగలకూడదు" అన్నాడు.

మర్నాడు ఇద్దరం నడిచి పోయాం. కాపరి వాళ్ళ పల్లె రెండు మైళ్ళు. ఆసుపత్రి నుంచి అంతకుముందురోజే తెచ్చారు. బోద గడ్డి కప్పిన చిన్న ఇల్లు, వాకిట్లో ఖాళీ గొర్రెల దొడ్డి. అయిదు గొర్రెలు పోతే దొడ్డి ఖాళీ ఎందుకయిందని అడగబోయి ఆగిపోయాను. మేపేవాళ్ళు లేక మిగిలినవి అమ్మేశారని తర్వాత తెలిసింది. పెద్దనాయన మా ఇంటి రెండు పాడి మేకలను తోలుకుని వచ్చాడు. కాపరి భార్య వాటిని చూసింది గాని వద్దనలేదు, మంచిదనలేదు. తాళ్ళు తీసుకుని గుంజకు కట్టేసింది.

నేను మంచం దగ్గర నిలబడి చెప్పాను. పెద్దనాయన సాయం రాలేదు, వాకిట్లోనే ఉండిపోయాడు. మాటలు మింగుతూ, మళ్ళీ మొదలుపెడుతూ, అంతా చెప్పాను. కాపరి ఇంటి కప్పు వైపు చూస్తూ విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు.

"ఏం పుస్తకం పాపా అది?"

"భూగోళం."

"దాంట్లో ఏముంటాది?"

"నదులు. కొండలు. యాడ పుడతాయి, యాడికి పోతాయి."

ఆయన తల ఊపాడు, సరే అన్నట్టు. ఈసారి ఏడవొద్దని అనలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బయటికి వస్తుంటే ఆయన భార్య మాత్రం, "చదువుకునే బిడ్డవు గదమ్మా, చూడకుండా చెప్తివా?" అంది. తిట్టినట్టు అనలేదు, నిజంగా అర్థం కాక అడిగినట్టు అడిగింది. దారి పొడుగునా పెద్దనాయన నా భుజం మీద చేయి వేసుకుని నడిచాడు. ఆయనకు దారి చూపించడానికో, నన్ను పడిపోకుండా పట్టుకోవడానికో నాకు తెలియలేదు.

పెద్దనాయనకు ముందు వైపు చూపు కూడా రెండేళ్ళలో పోయింది. ఆయన పోయిన తర్వాతే మా దారిలోకి ప్రభుత్వ బస్సులు వచ్చాయి. ముక్కు బండిని హిందూపురంలో ఎవరో విడదీసి ముక్కలుగా అమ్మారని విన్నాం. నా చెల్లెలు ఆ ప్రభుత్వ బస్సులోనే పెనుకొండ పోయి హైస్కూలు దాకా చదివింది. నాకు అప్పటికే ధర్మవరం సంబంధం కుదిరింది.

ధర్మవరంలో మగ్గాల వీధిలో మా కాపురం. ఫస్టు ఫారం సగంలో ఆగినదాన్నయినా ఆ వీధి ఆడవాళ్ళలో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఉత్తరాలు, రసీదులు, అన్నీ నా దగ్గరికే వచ్చేవి. ఒకసారి పక్కింటామె తన బిడ్డకు జ్వరమని మందు సీసా తెచ్చి, ఎన్ని చెంచాలు పొయ్యాలో చదివి చెప్పమంది. సీసా మీద రాత ఇంగ్లీషు, అదీ సగం చెరిగిపోయింది. రెండు అని ఉన్నట్టే అనిపించింది. నోటిదాకా వచ్చింది ఆ మాట. నాకు తెలీదు, ఆసుపత్రికి పోయి అడుగుదాం రా అన్నాను. ఎండలో బిడ్డను ఎత్తుకుని ఇద్దరం పోయి అడిగి వచ్చాం. ఇంత చదువుకుని ఆ మాత్రం తెలీదా అని వీధిలో కొన్నాళ్ళు నవ్వుకున్నారు. నవ్వనిమ్మన్నాను.

అట్లా ఎన్నోసార్లు అన్నాను ఆ మాట. పిల్లల దగ్గర, వియ్యంకుల దగ్గర, పెద్దమనుషుల ముందర. దానివల్ల నాకు గౌరవం తగ్గిన చోట్లు ఉన్నాయి, పనులు ఆలస్యమైనవి ఉన్నాయి. అయినా తెలియదని అనడం నాకు కష్టమనిపించదు. కష్టమనిపించేది ఒక్కటే. ఆ పొద్దున కూడా నేను అట్లా అని ఉంటే మా పెద్దనాయన బండి ఆపేవాడు. మంద దాటిపోయేది. కాసేపు ఆలస్యంగా పెనుకొండ చేరేవాళ్ళం, అంతే.